పాఠకుల ప్రశ్నలు: వ్యాసానికి ముందు సరకు దొరకాలి

చెన్నైలోని తెలుగు విద్యార్థులకు ఈ ఏడాది ప్రకటించిన వ్యాసరచన పోటీకి ‘ప్రపంచ వాణిజ్యం, భౌగోళిక రాజకీయాలు’ అన్న అంశం ఇచ్చారు. వ్యాసం మూడు వేల మాటలకు మించకూడదు, తెలుగులో గాని ఇంగ్లీషులో గాని రాయవచ్చు, తుది దశకు చేరినవారు న్యాయనిర్ణేతల ముందు పది నిమిషాలు మాట్లాడాలి అన్నవి ముఖ్యమైన నిబంధనలు. ప్రకటన వెలువడిన నాటినుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో సగానికి పైగా దీని గురించే కావడంతో, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. నేను ఆర్థికశాస్త్ర పండితుణ్ణి కాను. జార్జిటౌనులో ఒక క్లియరింగ్ ఏజెంటు కార్యాలయంలో ముప్పయ్యేళ్లు ఎగుమతి, దిగుమతి కాగితాలు రాసినవాణ్ణి. పోయినేడు ఇటువంటి పోటీ ఒకదానికి తొలి వడపోత చేసినవాణ్ణి. నా మాటను ఆ మేరకే తీసుకోండి.

ప్రశ్న: నేను బి.ఎస్‌సి. రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆర్థికశాస్త్రం నా పాఠ్యాంశం కాదు. ఈ అంశం చూస్తే సముద్రమంత కనిపిస్తోంది. అమెరికా, చైనా, రష్యా, యూరప్ అన్నిటి గురించీ రాయాలా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.
— ఒక విద్యార్థిని, పెరంబూరు

అన్నిటి గురించీ రాయాలని కూర్చుంటే దేని గురించీ రాయలేరమ్మా. పోయినేడు నా బల్ల మీదికి వచ్చిన కట్టలో చాలా వ్యాసాలు ‘నేడు ప్రపంచం ఒక కుగ్రామంగా మారిపోయింది’ అన్న వాక్యంతోనో, దాని తోబుట్టువుతోనో మొదలయ్యాయి. పదో వ్యాసానికి వచ్చేసరికి ఆ కుగ్రామం మీద నాకు విసుగు పుట్టింది. మీరు మీ వంటింట్లోకి వెళ్లి, కళ్లెదుట ఉన్న ఒక్క సరకును ఎంచుకోండి. అది ఏ రేవులో ఓడ ఎక్కింది, ఏ దారిన వచ్చింది, ఆ దారిలో దాన్ని ఆపగల శక్తి ఎవరికి ఉంది అని అడుగుతూ వెళ్లండి. అదే మీ వ్యాసమవుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు యుక్రెయిన్‌లోకి ప్రవేశించాయి. ఆ తరువాత కొద్ది రోజులకే మా వీధి దుకాణంలో పొద్దుతిరుగుడు నూనె ‘మనిషికి రెండు ప్యాకెట్లు మాత్రమే’ అని అట్టముక్క మీద రాసి వేలాడదీశారు. దుకాణదారుకు యుక్రెయిన్ ఎక్కడుందో తెలిసి ఉండకపోవచ్చు గాని, దిగుమతి ఆగితే తన అర ఖాళీ అవుతుందన్న సంగతి అతనికి మనకంటే ముందే తెలిసింది. మన దేశం వంటనూనెల అవసరంలో సగానికి పైగా దిగుమతుల మీద ఆధారపడుతుంది. పొద్దుతిరుగుడు నూనెలో యుద్ధానికి ముందు అధిక భాగం యుక్రెయిన్ నుంచి, మిగిలినదానిలో చాలావరకు రష్యా నుంచి వచ్చేది. అంటే తలపడిన రెండు దేశాలూ మన మూకుడును నింపుతున్నవే. నల్లసముద్రపు రేవులు మూతపడగానే అందరూ పామాయిల్ వైపు తిరిగారు. అంతలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ పామాయిల్ తీసే ఇండొనేసియా, తన ప్రజలకే నూనె చాలడం లేదంటూ 2022 ఏప్రిల్ 28 నుంచి ఎగుమతిని నిషేధించి, మే 23న ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. జులైలో ఐక్యరాజ్యసమితి, టర్కీల మధ్యవర్తిత్వంతో నల్లసముద్రం మీదుగా ధాన్యం, నూనెల రవాణాకు ఇస్తాంబుల్‌లో ఒప్పందం కుదిరింది. సరిగ్గా ఏడాదికి, 2023 జులైలో, రష్యా అందులోనుంచి తప్పుకొంది. ఒక నూనె ప్యాకెట్టును పట్టుకొని ఇస్తాంబుల్ దాకా వెళ్లవచ్చునని చూపడానికే ఇదంతా చెప్పాను. మీరు నూనె గురించే రాయనక్కరలేదు. పప్పు కావచ్చు, ఎరువు కావచ్చు, ఎలక్ట్రిక్ స్కూటరు మోటారులోని అయస్కాంతం కావచ్చు.

సరకు ఎంచుకున్నాక చేయవలసిన మొదటి పని దాని హెచ్‌ఎస్ కోడు, అంటే కస్టమ్స్ వారు ఆ రకం సరకుకు ఇచ్చిన అంకె, తెలుసుకోవడం. కస్టమ్స్ కాగితాలలో సరకు పేరుకంటే ఆ అంకెకే విలువ ఎక్కువ. ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే ఈ పద్ధతి 1988 నుంచి అమలులో ఉంది. మొదటి ఆరు అంకెలు దాదాపు ప్రపంచమంతటా ఒకటే. మన దేశం మరో రెండు చేర్చి ఎనిమిది వాడుతుంది. పొద్దుతిరుగుడు నూనె 1512 కింద వస్తుంది. కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఇంటర్నెట్‌లో ఉచితంగా అందించే గణాంకాలలో ఈ కోడు కొడితే ఏ దేశం నుంచి, ఏ ఏడాది, ఎంత వచ్చిందో పట్టికగా కనిపిస్తుంది. ఆ పట్టికను అరగంటసేపు కళ్లారా చూసిన విద్యార్థికీ, పత్రికలో ఎవరో రాసిన ముక్కను తిరగరాసిన విద్యార్థికీ ఉన్న తేడా రెండో పేరాలోనే తెలిసిపోతుంది.

ప్రశ్న: వ్యాసంలో మన దేశపు విధానాన్ని విమర్శిస్తే మార్కులు తగ్గుతాయని మిత్రులు భయపెడుతున్నారు. పెద్ద దేశాల ఆంక్షలను ఖండించి ఊరుకోవడం మేలా?
— ఎం.ఏ. విద్యార్థి, విల్లివాక్కం

మార్కులు వేసేవారి మనసులో ఏముంటుందో నేను హామీ ఇవ్వలేను. అయితే ‘వాళ్లు చేస్తే దౌర్జన్యం, మనం చేస్తే ఆహార భద్రత’ అన్న ధోరణిలో సాగిన వ్యాసాన్ని నేను పైకి పంపను.

2023 జులై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఎల్ నినో వల్ల వానలు ముఖం చాటేస్తాయన్న భయం, దేశంలో పెరుగుతున్న బియ్యం ధర అందుకు కారణాలు. అమెరికాలోని మన బంధువులు సోనామసూరి బస్తాల కోసం దుకాణాల ముందు బారులు తీరిన దృశ్యాలు మీ ఫోనుకు కూడా వచ్చే ఉంటాయి. మనం వాటిని చూసి నవ్వుకున్నాం. కాని ప్రపంచ బియ్యం ఎగుమతులలో దాదాపు 40 శాతం మనదే అయినప్పుడు, మనం తలుపు మూస్తే దెబ్బ తగిలేది డాలస్‌లోని కోడలికి కాదు. దిగుమతి బియ్యం మీదనే బతికే పశ్చిమ ఆఫ్రికా నగరాల కూలివాడికి. ఆ ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి బియ్యం ధరల సూచీ పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంతగా పెరిగింది.

అసలు రాజకీయం ఆ తరువాత ఉంది. అడిగిన ప్రభుత్వాలకు ప్రత్యేకంగా బియ్యం పంపుతామన్న మినహాయింపు నిషేధ ఉత్తర్వులోనే ఉంది. దాని కింద మొదట అనుమతి దొరికినవి భూటాన్, మారిషస్, సింగపూర్. ఈ మూడే ఎందుకు? హిమాలయపు పొరుగు, హిందూ మహాసముద్రంలో మిత్ర ద్వీపం, మలక్కా జలసంధి ముఖద్వారంలో ఉన్న నగరం. నిషేధం సబబా కాదా అన్న తీర్పు మీరు ఎటు ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. 2024 సెప్టెంబరులో దాన్ని ఎత్తివేసేనాటికి రైతుకు ఏం దక్కింది, కొనేవాడికి ఏం మిగిలింది అన్న రెండు లెక్కలూ పక్కపక్కన ఉండాలి. విమర్శ చేయడానికి జంకవద్దు; లెక్క లేకుండా విమర్శ చేయడానికి మాత్రం తప్పక జంకాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగు చదువుతూ ఈ పోటీకి సిద్ధమవుతున్నాడు. ‘అమెరికా వేసిన 50 శాతం సుంకాన్ని భారతదేశం కట్టింది’ అని రాశాడు. మాది భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న కుటుంబం. ఆ సుంకం మా అన్నదమ్ములెవరూ కట్టినట్లు నాకు తెలియదు, కాని నష్టపోయిన మాట నిజం. ఏది సరి?
— ఒక తండ్రి, కొళత్తూరు

మీ ప్రశ్నలోనే జవాబు ఉన్నదండీ. మీ అబ్బాయి చేత ఈ ప్రశ్ననే వ్యాసంలో మొదటి పేరాగా రాయించండి.

సుంకం కట్టేది దిగుమతిదారు. అమెరికా రేవులో సరకు దిగినప్పుడు అక్కడి కొనుగోలుదారు అక్కడి ఖజానాకు కడతాడు. మన దేశం నుంచి పైసా వెళ్లదు. అయితే కట్టినవాడే భరిస్తాడన్న నియమం లేదు. ఆ భారాన్ని అతడు కొంత తన గిరాకీల మీదికి నెట్టవచ్చు. కొంత తన లాభంలో కోసుకోవచ్చు. మిగిలినది మన ఎగుమతిదారుతో ‘ధర తగ్గిస్తేనే కంటైనరు ఎత్తుతాను’ అని బేరమాడి వెనక్కి పంపవచ్చు. ఎగుమతిదారు దానిని శుద్ధి కర్మాగారం మీదికి, కర్మాగారం చెరువు గట్టు మీదికి దింపుతాయి. మీ అన్నదమ్ములు సుంకం రసీదు చూసి ఉండరు గాని, వంద కౌంటు (కిలోకు వంద రొయ్యలు తూగే రకం) ధరలోనో ముప్పై కౌంటు ధరలోనో కిలోకు తగ్గిన రూపాయల రూపంలో దాన్ని చూశారు. చెరువులో పెరిగిన రొయ్యను ధర వచ్చేదాకా ఆపుకొనే వీలు లేదు. మేత ఖర్చు పెరుగుతుంది, తెగులు భయం పొంచి ఉంటుంది. ఆగలేనివాడి మీదికే భారం చివరకు జారుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే సుంకాల ఆర్థికశాస్త్రంలో సగం అర్థమైనట్లే.

పోటీదారుల సంగతి కూడా చూడాలి. 2025 ఆగస్టులో మన రొయ్య మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఈక్వడార్ మీద ఉన్నది 15 శాతం. పైగా ఈక్వడార్ అమెరికాకు దగ్గర. రెండు దేశాల మీదా ఒకే సుంకం ఉంటే మనకు ఇంత దెబ్బ తగిలేది కాదు. చేటు చేసింది సుంకంకంటే రెండు సుంకాల మధ్య ఉన్న ఎడమే. మరీ చవకగా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగు సుంకం, ప్రభుత్వ రాయితీకి విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగు సుంకం అంతకుముందే అమలులో ఉన్నాయి; అవి వేరుగా కలుస్తాయన్నది మరచిపోవద్దు.

అంకెల విషయంలో ఒక చాదస్తం నాకుంది, చెప్పక తప్పదు. సుంకం అంకె పక్కన తేదీ వేయాలి. 2025 ఏప్రిల్ 2న మన మీద ప్రకటించిన రేటు 26 శాతం. వారం తిరిగేసరికి దాన్ని వాయిదా వేసి 10 శాతం మాత్రం ఉంచారు. ఆగస్టు 7న 25 శాతం అమలుకు వచ్చింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి ఆగస్టు 27న మరో 25 కలిపారు. అయిదు నెలలలో నాలుగు అంకెలు. తేదీ లేని అంకె ముద్ర లేని రసీదు వంటిది. మా కార్యాలయంలో అటువంటి కాగితాన్ని గుమాస్తా చదవకుండానే పక్కన పడేసేవాడు. ఇక ఆ రెండో 25 శాతానికి, రొయ్యకూ ఏ సంబంధమూ లేదు. రష్యా, యుక్రెయిన్ యుద్ధానికి, మణలి చమురు శుద్ధి కర్మాగారం వంటి చోట్లకు చేరే ముడిచమురుకు సంబంధించిన కోపం భీమవరం చెరువు గట్టున దిగింది. భౌగోళిక రాజకీయం అన్న మాటకు మీ అబ్బాయి ఇంతకంటే మంచి నిర్వచనం ఏ గ్రంథంలోనూ వెతకనక్కరలేదు.

ప్రశ్న: తెలుగులో రాయాలని ఉంది. కాని ఈ విషయానికి తెలుగులో మాటలు లేవని, ఇంగ్లీషులో రాస్తేనే విలువ ఉంటుందని మా అధ్యాపకురాలు అంటున్నారు.
— ఒక విద్యార్థిని, టి.నగర్

మీ అధ్యాపకురాలి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఎగుమతి అన్న మాటను విడదీసి చూడండి: ఎగు అంటే పైకి, దిగు అంటే కిందికి. ఓడలోకి ఎక్కించడం ఎగుమతి, ఓడలోనుంచి దించడం దిగుమతి. రేవులో మూటలు మోసినవాడి వీపు మీద పుట్టిన మాటలివి. సుంకం, సరకు, రేవు, బేరం, హుండీ అన్నీ మనకు ఉన్నాయి. ఈ నగరంలో కుంఫిణీ దొరలకూ నేతగాళ్లకూ నడుమ వర్తకం నడిపిన తెలుగు పెద్దలను దుబాసీలు అన్నారు. రెండు భాషలు తెలిసినవాడని అర్థం. మీరూ ఆ పనే చేయబోతున్నారు.

మాట ఒక్కటే కాదు, విషయమూ మన దగ్గర ఉంది. బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉన్నది. తుఫానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని సరకునంతా అంతకుముందటి రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకమీదట అలా జరగదని, నిర్ణీతమైన సుంకం తప్ప మరేదీ తీసుకోమని గణపతిదేవుడు దూరదేశపు వర్తకులకు అభయమిచ్చాడు. ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పట్టు, మిరియాలు అంటూ సరకుల పట్టిక కూడా శాసనంలో కనిపిస్తుంది. ఇందులో దయ ఎంత ఉందో నేను చెప్పలేను గాని, లెక్క మాత్రం చాలా ఉంది. ఓడలు వేరే రేవుకు పోకుండా చూసుకోవాలంటే రాజు తన చేతులను తానే కట్టుకోవాలి. ఏం జరుగుతుందో ముందుగా తెలియడమే వర్తకుడికి సుంకం తగ్గింపుకంటే పెద్ద వరం. పైన చెప్పిన అయిదు నెలల నాలుగు అంకెల పక్కన ఈ శాసనాన్ని పెట్టి చూడండి.

టారిఫ్, కంటైనరు, ఆర్డరు వంటి మాటలను వాడుకలో ఉన్నట్లే వాడండి. ‘కంటైనరు’కు బదులు ఎవరో కల్పించిన సంస్కృత సమాసం వాడితే న్యాయనిర్ణేత మాట అటుంచి, రేవులో కూలీ మాట కూడా అందులో వినిపించదు.

ప్రశ్న: ప్రపంచ వాణిజ్య సంస్థ చచ్చిపోయినట్లేనని మా తరగతిలో వాదన. నేను న్యాయశాస్త్రం చదువుతున్నాను. దాన్నే వ్యాసాంశంగా తీసుకోవచ్చునా?
— ఒక విద్యార్థి, రాయపురం

తీసుకోవచ్చు. ‘చచ్చిపోయింది’ అన్న మాట మాత్రం న్యాయవిద్యార్థి నోట రాకూడదు. 1995 జనవరి 1న పుట్టిన ఆ సంస్థలో తీర్పు చెప్పే విభాగానికి రెండు అంచెలున్నాయి. కింది అంచె ఇప్పటికీ పనిచేస్తోంది. పైన ఏడుగురు సభ్యులుండవలసిన అప్పీలు సంఘంలో ఖాళీలను నింపకుండా అమెరికా అడ్డుపడుతూ రావడంతో, 2019 డిసెంబరు నాటికి కేసు వినడానికి కావలసిన ముగ్గురు కూడా మిగలలేదు. దాంతో ఓడినవాడు వినే దిక్కు లేని చోటికి అప్పీలు చేసి తీర్పును అక్కడే పూడ్చిపెట్టే వీలు కలిగింది. ఈ దారిని వాడుకున్న దేశాలలో మనమూ ఉన్నాం. చక్కెర రాయితీల విషయంలో బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా వేసిన వ్యాజ్యంలో 2021 డిసెంబరులో మనకు వ్యతిరేకంగా నివేదిక వచ్చినప్పుడు మనం అలాగే అప్పీలు చేశాం.

మీరు రాయపురంలో ఉన్నారు కాబట్టి మీకు చేతికందే దూరంలో ఒక వ్యాజ్యం ఉంది. జనవరి నుంచి మార్చి దాకా తెల్లవారుజామున ఈ తీరంలో నడిచేవారికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కళేబరాలు కనిపిస్తాయి. కళ్లు ఉబ్బి, మెడ వాచి ఉంటే వలలో చిక్కి ఊపిరాడక చనిపోయిందని అక్కడివారు చెబుతారు. తాబేలు నీటిలో బతికినా గాలి పీల్చుకోవడానికి పైకి రావలసిందే. 2025 జనవరిలో చెన్నై తీరాన ఇలా వందల సంఖ్యలో కొట్టుకురావడం పెద్ద వార్త అయింది. ట్రాలర్ వలలో ఊచల చట్రం ఒకటి బిగించి, తాబేలు బయటపడేందుకు సందు ఉంచితే ఈ చావులు చాలావరకు తప్పుతాయి. అటువంటి చట్రం వాడని దేశాల నుంచి సముద్రపు రొయ్యను కొనబోమని అమెరికా 1989లో చట్టం చేసింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి దాని మీద ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి.

1998లో అప్పీలు సంఘం చెప్పిన తీర్పు మీరు మూలంలో చదవవలసినది. తాబేళ్లను కాపాడుకునేందుకు వాణిజ్యం మీద ఆంక్షలు పెట్టడం ఒప్పందానికి విరుద్ధం కాదన్నది. అయితే కరేబియన్ ప్రాంతపు దేశాలకు మూడేళ్ల గడువిచ్చి, ఆసియా దేశాలకు నాలుగు నెలలే ఇవ్వడం, మాట్లాడి ఒప్పించే ప్రయత్నం అందరితో సమానంగా చేయకపోవడం అన్యాయమైన వివక్ష అన్నది. ఉద్దేశం మంచిదే, అమలు తప్పు. మనం ఆ వ్యాజ్యంలో గెలిచాం; తాబేలు మాత్రం గెలవలేదు. సరైన చట్రాలు వాడటం లేదన్న కారణంతో 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను మళ్లీ ఆపింది. చెరువు రొయ్యకు ఈ నిషేధం వర్తించదు గనుక గోదావరి జిల్లాల వారికి ఈ సంగతి తెలియను కూడా తెలియదు. కాసిమేడు రేవులో వల లాగేవారికి తెలుసు. ఆ రేవు మీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. ఒక ఉదయం వేలంపాట వేళకు వెళ్లి, చట్రం ఎందుకు బిగించరో వారినే అడగండి. వలలో పడిన రొయ్యలు, చేపలలో కొంత ఆ సందులోనుంచి జారిపోతుందని చెబుతారు. అప్పుడు తీర్పులోని వాక్యాలు మీకు వేరుగా వినిపిస్తాయి.

ప్రశ్న: చెన్నైకి, ఈ అంశానికి ముడిపెట్టగల చారిత్రక ఘటన ఏదైనా చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, తాంబరం

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డన్ మద్రాసు రేవు ముందు నిలిచి, అరగంట లోపే వందకు పైగా గుళ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకులను తగలబెట్టి వెళ్లిపోయింది. హైకోర్టు ఆవరణలో దీని జ్ఞాపకార్థం ఒక ఫలకం ఉంది. తమిళంలో గట్టి పిండాన్ని, జిత్తులమారిని ‘ఎమ్డన్’ అంటారు. ఇక్కడి తెలుగిళ్లలో కూడా ఆ మాట నా చిన్నప్పుడు వినిపించేది. చాలామంది దీన్ని యుద్ధకథగా రాసి వదిలేస్తారు. నిజానికి ఎమ్డన్ పని నగరాలను కూల్చడం కాదు, వర్తకాన్ని భయపెట్టడం. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దాన్ని దెబ్బతీసేలోగా అది ఇరవైకి పైగా వర్తక నౌకలను పట్టుకోవడమో ముంచడమో చేసింది. ఒక్క ఓడ ఎక్కడుందో తెలియకపోవడం చాలు, బంగాళాఖాతంలో బీమా రేట్లు పెరిగి, సరకు ఓడలు రేవు దాటడానికి జంకాయి.

2023 నవంబరులో యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు గెలాక్సీ లీడర్ అనే ఓడను ఎర్రసముద్రంలో పట్టుకున్న తరువాత జరిగింది కూడా అదే. పెద్ద షిప్పింగు కంపెనీలు సూయజ్ కాలువను వదిలి ఆఫ్రికా కొసను చుట్టి వెళ్లసాగాయి. ఆసియా నుంచి యూరప్‌కు ప్రయాణానికి అదనంగా పది రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టసాగింది. నౌకాదళాలు కాపలా కాస్తున్నా ఓడలు వెంటనే తిరిగి రాలేదు; బీమావారు ధైర్యం చెబితే తప్ప ఓడ యజమాని కదలడు. ఎమ్డన్‌నూ ఈ ఘటననూ పక్కపక్కన ఉంచి రాస్తే మంచి వ్యాసమవుతుంది. ఇంకొంచెం ముందుకు వెళ్లాలనుకుంటే, 2019లో మన దేశం, రష్యా కలిసి ప్రకటించిన చెన్నై, వ్లాదివోస్తోక్ సముద్రమార్గాన్ని కూడా చూడండి. సుమారు 5,600 నాటికల్ మైళ్లు; ముంబయి నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు సూయజ్ మీదుగా నలభై రోజులు పట్టే చోట ఇక్కడ ఇరవై నాలుగు రోజులు చాలునని అంచనా. అయితే ఆ మార్గమూ మలక్కా జలసంధి, దక్షిణ చైనా సముద్రం మీదుగా పోవలసిందే కాబట్టి, ఒక ఇరుకును తప్పించుకొని మరో ఇరుకులో దూరుతున్నామా అన్న ప్రశ్న వేయడం మరవకండి.

ప్రశ్న: కృత్రిమ మేధ సాయంతో వ్యాసం రాయిస్తే పట్టుకోగలరా?
— పేరు వద్దన్న విద్యార్థి

వ్యాసంలో పట్టుకోలేకపోవచ్చు, పది నిమిషాల సంభాషణలో పట్టుకుంటారు. పోయినేడు ఒక అబ్బాయి వ్యాసంలో జలసంధుల గురించి మూడు పేజీలు మెరుగు పెట్టినట్లున్నాయి. హర్మూజ్‌కు అటూ ఇటూ ఏ దేశాలున్నాయని అడిగితే గోడ మీది గడియారం వైపు చూశాడు.

ప్రశ్న: పుస్తకాలు కొనే స్తోమత లేదు. ఎక్కడ చదవాలి?
— ఒక విద్యార్థిని, వ్యాసర్‌పాడి

ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం 1896 నుంచి ఉంది. దేశంలో ముద్రితమయ్యే పుస్తకాలు చట్టప్రకారం చేరవలసిన గ్రంథాలయాలలో అది ఒకటి. ఐక్యరాజ్యసమితి ప్రచురణలు కూడా అక్కడికి వస్తాయి. పాత పత్రికలు కావాలంటే అడిగి తెప్పించుకోవాలి, కాస్త ఓపిక పట్టండి. కొట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో కూర్చోవడానికి చోటు, చల్లదనం, కొత్త పుస్తకాలు అన్నీ దొరుకుతాయి. సొంత పుస్తకాలు, నోట్సు తెచ్చుకొని చదువుకునే గది కూడా వేరుగా ఉంది. మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకువెళ్లండి.

ప్రశ్న: మాటల పరిమితిలో పట్టికలను లెక్కిస్తారా? చేతిరాతతో పంపవచ్చునా?
— ఒక విద్యార్థి, అంబత్తూరు

పట్టికల గురించి ప్రకటనలో ఏమీ లేదు గనుక నిర్వాహకులకు ఒక ఉత్తరం ముక్క రాసి అడగండి. ఒకటికి మించి పట్టికలు పెట్టవలసి వస్తోందంటే చెప్పవలసినది వాక్యాలలో ఇంకా కుదరలేదన్నమాట. చేతిరాత ప్రతులను స్వీకరిస్తామని ప్రకటనలో స్పష్టంగానే ఉంది. కాగితానికి ఒకవైపే రాయండి, ఎడమవైపు రెండు వేళ్ల వెడల్పు వదలండి. మా వంటివాళ్లం పెన్సిలుతో గీసేది అక్కడే.